కిటికీకి ఆనించి చూస్తే

మార్చి రెండో శనివారం మా సభ.
ముందు రాత్రి వంటింటి బల్ల మీద
బూట్ల డబ్బా బోర్లించాను.
ఏడాది రసీదులు జలజలా రాలాయి.
కార్ద్లా కట్టెల సాయ సంఘం, హీయుమా దీవి.
కోశాధికారి మాయ్‌ము, అంటే నేనే.

ఏటా పద్దులు గోడకు అంటించడం మా ఆచారం.
ఇచ్చినవాళ్ళకు
అది ఎటు పోయిందో చూసే హక్కుంది, కాదనను.
ఒక్క సెంటు తేడా వస్తే
నాకే కునుకు పట్టదు.

అసలువి పక్కన పెట్టి
నకళ్ళ మీద నల్ల మార్కరు నడిపించాను.
పేరు, వీధి, ఫోను, బ్యాంకు ఖాతా,
పుట్టిన తేదీ
(కట్టెల బిల్లు మీద అదెందుకో ఇప్పటికీ తెలీదు).
మార్కరు కీచుమన్నప్పుడల్లా
పిల్లి చెవులు రిక్కించి, చివరికి విసుగెత్తి
లేచి వెళ్ళిపోయింది.

తెల్లారి
కాగితాలు కిటికీ గట్టు మీద నిలబెట్టి
కాఫీ పోసుకుంటున్నాను.
మంచు మీంచి లేచిన వెలుగు
వాటి వెనక్కి వచ్చి నించుంది.
సిరా కిందనుంచి ఒక్కొక్కరే
మొహం చూపించారు.
ఎవరెవరో చెప్పను.

కత్తెర తీశాను.
పేరున్న చోటల్లా కిటికీ కోశాను.
పళ్ళూడిన నోళ్ళలా మిగిలాయి కాగితాలు.

పదింటికి ఊకు వచ్చాడు, లెక్కలు సరిచూసేవాడు.
పడవ ఇంజన్ల మెకానిక్కు, గోళ్ళ కింద గ్రీజు,
అంకెల దగ్గర మాత్రం కడిగిన ముత్యం.
అసలువీ నకళ్ళూ పక్కపక్కన పెట్టి
ఒక చోట వేలు ఆపాడు.
"పళ్ళ సెట్టు, రెండువందల నలభై, నవంబరు."
కాసేపు ఊరుకుని అన్నాడు:
"మాయ్‌మూ,
నవంబరులో ఈ ఊళ్ళో
కొత్తగా నవ్వింది ఒక్కరే కదా."

పేరంటే అక్షరాలనుకున్నాను ఇన్నాళ్ళూ.

మళ్ళీ కూర్చున్నాం.
పళ్ళూ కళ్ళజోళ్ళూ మందులూ ఒకే గంపలో పోసి
"వైద్యం, తొమ్మిది సాయాలు, ఇంత" అని
ఒక్క వరస రాశాం.
నెలలు తీసేశాం.
అడుగున ఇద్దరం సంతకాలు చేశాం.

ఊకు అడగలేదు, నేనూ చెప్పలేదు,
తొంభైమూడు చలికాలం సంగతి.
దుకాణం తలుపు మీద పట్టీ:
"మాయ్‌ము. ఇద్దరు పిల్లలు. భర్త తాగుబోతు.
కట్టెలు రెండు బళ్ళు."
రాసినావిడ మంచిదే,
చేతిరాత కూడా ముచ్చటగా ఉండేది.
మంచు కరిగేదాకా
ఏడు కిలోమీటర్లు సైకిలు తొక్కి
పక్క ఊళ్ళో రొట్టె కొన్నాను.
కట్టెలు మాత్రం బాగా మండాయి.

సభలో వాల్దో లేచాడు, లేస్తాడని తెలుసు.
"నా డబ్బు ఎవరికి చేరిందో తెలియొద్దా?"
ఎంతో చెప్పాను, దేనికో చెప్పాను.
"ఎవరికన్నది ఇద్దరం చూశాం,
అసలు రసీదులు ఇనప్పెట్టెలో ఉంటాయి ఏడేళ్ళు,
తాళంచెవులు రెండు."
అయినా కూర్చోడే.
"వాల్దో, నువ్విచ్చిన పదిహేను యూరోలు
ఏ పొయ్యిలో కాలాయో చెప్తే
అక్కడికెళ్ళి చలి కాచుకుంటావా?"

హాలంతా గొల్లుమంది.
మూడో వరసలో ఎవరో
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా
గట్టిగా నవ్వారు.
ఎవరూ తల తిప్పి చూడలేదు.
వాల్దో గొణుక్కుంటూ కూర్చున్నాడు,
నాకు ఓటు కూడా వేయలేదు.

రాత్రి ఇంటికొచ్చి
ఆప్రాను జేబులోంచి ముక్కలు తీశాను,
కోసిన పేర్లు, గోరంత గోరంత.
పొయ్యిలో వేసే ముందు లెక్కపెట్టాను.
నలభై.
మళ్ళీ లెక్కపెట్టాను. నలభై.
బల్ల కింద పాకి, పిల్లి పంజా కింద
నలభై ఒకటోది దొరికించుకున్నాను.
చదవకుండా వేశాను.